వెల మండపంలో ఊఁ కొట్టినవాడు

వజ్రకూట నగరానికి నాలుగు గుమ్మాలు. తూర్పు గుమ్మం రాజుగారి ఏనుగులకు, పడమటిది సైన్యానికి, ఉత్తరపుది వర్తకుల బళ్ళకు. ప్రజలు వచ్చిపోయేది దక్షిణపు గుమ్మంలోంచి. నాలుగింటిలోనూ దానికే ఎత్తు తక్కువ. ఎంతటివాడైనా తల వంచకుండా లోపలికి రాలేడు. కట్టించిన మహారాజు తెలివితక్కువవాడేమీ కాదు.

జ్యేష్ఠమాసం. ఎండ ముదరకముందే ఆ గుమ్మం కింద తల వంచి ఇద్దరు మనుషులు, వంచే అవసరం లేని ఒక గాడిద నగరంలో అడుగుపెట్టారు.

మనుషుల్లో ఒకడు బయ్యన్న. పటం కథ చెప్పేవాడు. నడివయసు దాటుతున్నాడు. గొంతు తప్ప మిగతా ఒళ్ళంతా ఎండిపోయిన మనిషి. రెండో ఆవిడ మాచమ్మ, నీలికనుమ మందకాపరులకు పెద్ద. డెబ్భై ఏళ్ళు నిండినా నడకలో గాడిదను వెనకేసింది. భుజాన నల్ల గొంగడి, చేతిలో కర్ర. గాడిద వీపున కంబళిలో చుట్టిన పటం ఉంది. అరవై మూరల గుడ్డ. మందకాపరుల పుట్టుక నుంచి వాళ్ళకు జరిగినదంతా దాని మీద బొమ్మలుగా రాసి ఉంది. ఆ బొమ్మలు చూపిస్తూ కథ చెప్పడం బయ్యన్న వంశం పని. వాళ్ళు తప్ప ఇంకొకరు చెప్పరు, మందకాపరులు తప్ప ఇంకొకరు చెప్పించుకోరు.

వాళ్ళు వచ్చిన పని చిన్నది కాదు. ఏటా ఎండాకాలంలో మందలన్నీ నీలికనుమ దాటి పాలవాగు పచ్చికలకు పోతాయి. ఈ ఏడు కనుమకు అడ్డంగా రాజభటులు నిలబడ్డారు. మాకు తాతలనాటి హక్కుంది అనే ప్రతి ఊరూ, ప్రతి కులమూ తాతలనాటి వస్తువొకటి తెచ్చి వజ్రకూటంలోని వెల మండపంలో చూపించాలట. దానికి వెల ఉందని తేలితే హక్కు ఉన్నట్టు, తేలకపోతే లేనట్టు. కనుమకు ఇవతల పన్నెండు వేల గొర్రెలు ఒక్క మడుగు చుట్టూ నాలుకలు చాపుకొని నిలబడ్డాయి. మడుగులో నీళ్ళు ఎనిమిది రోజులకు వస్తాయి. అందులో మూడు రోజులు దారిలో అయిపోయాయి. తిరిగి పోవడానికి ఇంకో మూడు కావాలి.

“బయ్యా, ఆ మేడల మీద పచ్చగా మెరుస్తున్నాయే, ఆ కుండలేమిట్రా” అంది మాచమ్మ.

“బంగారు కలశాలు పెద్దమ్మా.”

“నీళ్ళుంటాయా?”

“ఉండవు.”

“మరంత ఎత్తున పెట్టారేం” అని, జవాబు కోసం ఆగకుండా గాడిదను అదిలించింది.

వెల మండపం చూస్తే కళ్ళు చెదురుతాయి. నూట ఎనిమిది పాలరాతి స్తంభాలు. ఒక్కొక్క స్తంభానికి ఒక్కొక్క లత చుట్టుకొని, ఆ లతకు పచ్చల ఆకులు, కెంపుల మొగ్గలు. పైకప్పు నుంచి వేలాడే ముత్యాల జాలరు గాలికి కదిలినప్పుడల్లా చిన్నవాన కురిసినట్టు సవ్వడి చేస్తుంది. నేల నల్లరాయి, నీళ్ళేమో అనిపించేంత నునుపు. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు పంచెలు పైకెత్తి నడుస్తుంటే ద్వారపాలకులు నవ్వుకొనేవాళ్ళు. నడుమ వేదిక మీద నిలువెత్తు బంగారు త్రాసు. త్రాసుకు కుడిపక్కన సింహాసనంలో మహారాజు మణిశేఖరుడు. ముప్పై ఏళ్ళవాడు, మెత్తనివాడు, పాత వస్తువులంటే ప్రాణం పెట్టేవాడు. వాటి గురించి చెప్పినదల్లా నమ్మేవాడు కూడా.

ఆయనకు చెప్పేవాడు ఎడమపక్కన ఉన్నాడు. పేరు సర్వవిశారదుడు, పదవి ప్రధాన వెలకరి. రెండేళ్ళ కిందట ఏ దేశం నుంచి వచ్చాడో ఎవరికీ తెలియదు. చేతులకు ఎప్పుడూ పట్టు తొడుగులు ఉంటాయి. వస్తువును పరీక్షించేటప్పుడు మాత్రం కుడిచేతి తొడుగు తీసి, క్షణకాలం అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుంటాడు. తరవాత దాని పుట్టుపూర్వోత్తరాలు గడగడా చెబుతాడు. సభ ముక్కున వేలేసుకుంటుంది.

ముందున్న వరస నెమ్మదిగా కదిలింది. గంధవరం వాళ్ళు బంగారు పల్లకి తెచ్చారు. వెలకరి చెయ్యి ఆనించి, “ఉత్తమం, కొలువు గదికి పంపండి” అన్నాడు. పల్లకి పోయింది, హక్కు వచ్చింది. పల్లకి లేకుండా ఇక దేవుణ్ణి ఎలా ఊరేగించాలో తెలియక వాళ్ళు గుడ్లు తేలేసి నిలబడ్డారు. కుమ్మరులు సారె తెచ్చారు. “మధ్యమం” అన్నాడు వెలకరి. వాళ్ళ వెనక ఒక ముసలి పల్లెకారు వట్టి చేతులతో వచ్చాడు.

“ఏదయ్యా వస్తువు?” అన్నాడు లేఖకుడు.

“చేపల్ని పిలిచే పాట ఉంది బాబూ. మా తాతకి తాత పాడింది.”

లేఖకుడు పలక తిప్పి చూసుకున్నాడు. “ఏ అరలో పెట్టాలి దీన్ని? అర లేదు. పక్కకి జరుగు.”

ముసలాయన జరిగాడు. అలా జరిగినవాళ్ళు అప్పటికే మండపం పక్కన ఓ ఊరంత మంది ఉన్నారు.

బయ్యన్న వంతు వచ్చింది. పటం చుట్ట నేల మీద పెట్టి, దణ్ణం పెట్టుకొని దొర్లించాడు. నల్లరాతి నేల మీద ఇంగిలీకపు ఎరుపు పరుచుకుంటూ పోయింది. ఆ ఎరుపులో నీలపు కొండలు, హరిదళపు పసుపు ఎండలు. ఉన్ని పోగులోంచి పుట్టిన ఆదిపురుషుడు బీరమల్లు, వాడి కోరమీసం, వాడి భుజం మీద గువ్వంత గొర్రెపిల్ల. వాడిమీద విరుచుకుపడుతున్న చండవాతం అనే గాలిభూతం, ఆ భూతానికి పద్దెనిమిది నోళ్ళు, ప్రతి నోట్లో కొట్టుకుపోతున్న మందలు. పొంగిన ఏళ్ళు, పెళ్ళిపందిళ్ళు, వల్లకాళ్ళు. గొర్రెలైతే లెక్కకు అందవు. ఏ రెండింటి ముఖమూ ఒకటి కాదు. సభలో గుసగుసలు ఆగిపోయాయి. మణిశేఖరుడు సింహాసనం అంచుకు జరిగాడు.

“ఎన్నేళ్ళది ఇది?” అన్నాడు సర్వవిశారదుడు. అతని గొంతులో ఆత్రం వినిపించింది.

“మూడువందల ఇరవై ఏళ్ళదండి” అన్నాడు బయ్యన్న.

వెలకరి వేదిక దిగాడు. తొడుగు తీశాడు. అరచెయ్యి పటానికి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తొలిసారి అతని నోట పుట్టుపూర్వోత్తరాలు రాలేదు. వంగి గుడ్డను వాసన చూశాడు.

“చింతగింజల గంజి. వాసన ఇంకా పోలేదు” అన్నాడు. “ఇది మూడేళ్ళ గుడ్డ ప్రభూ.”

సభ గొల్లుమంది. బయ్యన్నకు ఎందుకు నవ్వారో అర్థం కాలేదు.

“అవునండి. ఈ గుడ్డ మూడేళ్ళ కిందట మా బావ రాశాడు. పటానిది మూడువందల ఇరవై” అన్నాడు. వాళ్ళ వంశంలో ఎవరిని అడిగినా అదే లెక్క చెబుతారు. ఆ లెక్క ఇంకెక్కడా చెల్లదని అతనికి అంతవరకు ఎవరూ చెప్పలేదు.

మణిశేఖరుడి ముఖం వాడిపోయింది. “మరి పాతది ఎక్కడ?” అన్నాడు.

“నీళ్ళకిచ్చామండి.”

“అంటే?”

“గుడ్డ చిరిగేటప్పటికి కొత్తది రాయిస్తాం. పాతదాన్ని పక్కన పెట్టుకొని బొమ్మకు బొమ్మ దించుతారు. కొత్తదాంట్లో బీరమల్లు కళ్ళు తెరిచిన రోజున పాతది పోయినట్టే. పాడె కట్టి మోసుకెళ్ళి ఏట్లో వదిలేస్తాం. నేను తలనీలాలు ఇస్తాను. కాపరులు పదకొండో రోజు అన్నం పెడతారు. ఇప్పటికి పదకొండు పటాలు అలా వెళ్ళిపోయాయి.”

“పదకొండు” అన్నాడు రాజు నీరసంగా. ఆయన నిజంగా బాధపడ్డాడు. “మూడువందల ఏళ్ళ బొమ్మల్ని ఏట్లో పారేశారా? మీకు వాటి విలువ తెలియదా?”

మాచమ్మ కర్ర నేలకు ఆనించింది. “మీ తాతగారు పోతే ఏం చేశారు నాయనా? అరలో పెట్టుకున్నారా?”

భటులు కదిలారు. రాజు చెయ్యెత్తి ఆపాడు. ఆయన ఏదో అనబోయేలోగా సర్వవిశారదుడు చెవి దగ్గర వంగాడు. “ప్రభూ, వీళ్ళు పాతదాన్ని దాచి అబద్ధం ఆడుతున్నారు. మధ్యాహ్నం దాకా నాకు అప్పగించండి, బయటపెట్టిస్తాను. లేకపోతే హక్కు కొట్టేసి కనుమ మూసేయడమే.”

రాజు తల ఊపాడు. ఆ తల ఊపడంతో పన్నెండు వేల గొర్రెల చావు సగం రాసినట్టే అయింది.

భటులు ఇద్దరినీ, పటాన్నీ మెట్ల మీదుగా కిందికి తోసుకుపోయారు. ఒక మలుపు, రెండో మలుపు, ఏడు మలుపులు. చివర ఇనుప తలుపు. వెలకరి తాకగానే అది దానంతటదే తెరుచుకుంది. భటులు బయటే ఉండిపోయారు. తలుపు మూసుకుంది.

అదే కొలువు గది. గది అనడం అన్యాయం, అదొక నేలకింది నగరం. పైనెక్కడో ఉన్న గవాక్షంలోంచి పగటి వెలుగు ఒక్క ధారగా దిగుతోంది. ఆ ధార చుట్టూ అరలు, అరల మీద అరలు. రథాలు, రత్నఖచిత ఖడ్గాలు, ఏనుగు దంతపు ఊయెలలు, వీణలు, తాళపత్రాలు, శంఖాలు, వందల ఊళ్ళ దేవుళ్ళ నగలు. ఒక్కదాని మీద కూడా దుమ్ము లేదు. అయినా అక్కడేదో చచ్చిన వాసన.

మాచమ్మ చేతికి అందిన ఒక డప్పు తీసి దరువు వేసింది. చప్పుడు రాలేదు. గట్టిగా కొట్టింది. గుడ్డ మీద కొట్టినట్టుంది.

“ఇదేమైంది?” అంది.

“నేను తాగేశాను” అన్నాడు సర్వవిశారదుడు.

అతను రెండు తొడుగులూ తీసి పారేశాడు. గోళ్ళు రాగి రంగులో ఉన్నాయి. అరచేతుల్లో ఒక్క గీత కూడా లేదు. మాటతో పాటు నోట్లోంచి సన్నగా పొగ వచ్చింది.

“నా పేరు ధూమ్రజిహ్వుడు. ఏ వస్తువైనా సరే, అది చూసినదీ విన్నదీ మోసినదీ అంతా నా అరచేతిలోంచి నాలోకి వచ్చేస్తుంది. మిగిలేది పిప్పి. ఆ పిప్పిని అరలో పెట్టి మీ రాజు మురిసిపోతాడు. మీ పటం తాగుదామని రెండేళ్ళుగా చూస్తున్నాను. అందుకోసమే కనుమ మూయించాను. చండవాతాన్ని బీరమల్లు ఏ బిలంలో పెట్టి మూశాడు, దాన్ని ఎలా తెరవాలి? అది నాకు కావాలి. ఆ భూతం నా చేతిలో ఉంటే వజ్రకూటమేమిటి, ఏడు రాజ్యాలు ఊడ్చుకుపోతాయి. తీరా చూస్తే మీరు తెచ్చింది మూడేళ్ళ గుడ్డ. దానికేం తెలుసు?”

“గుడ్డకేం తెలుస్తుంది, దారి చూపే రాళ్ళలాంటివి ఆ బొమ్మలు” అన్నాడు బయ్యన్న. “కథ నా దగ్గరుంది.”

“అయితే చెప్పు.”

“ఊఁ కొట్టేవాళ్ళుండాలి. ఊఁ వినకుండా రెండో మాట నాకు రాదు. మందకాపరుల్లోనే ఎవరో ఒకరు కొట్టాలి.”

మాంత్రికుడు మాచమ్మ వైపు చూశాడు. మాచమ్మ పెదవులు బిగించేసింది.

అతను ఒక్క అంగలో వచ్చి ఆమె భుజం మీది గొంగడికి చెయ్యి ఆనించాడు. అది వాళ్ళ అమ్మమ్మ నేసింది. ఆ గొంగడిలో మాచమ్మ పుట్టింది, అందులోనే ఆవిడ పిల్లలూ పుట్టారు. రెప్పపాటు గడిచింది. మాచమ్మ భుజం వంక చూసుకుంది. గొంగడి తీసి చేత్తో తిప్పి చూసింది.

“ఇదెవరిదిరా బయ్యా? నా మీదెందుకుంది?” అని పక్కన పెట్టేసింది.

బయ్యన్న పటం వదిలి ఆవిడకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

“ఒంటి మీదుండగా తాగితే ఆ మనిషి జ్ఞాపకం కూడా దాంతో పోతుంది. ఇప్పుడు గొంగడి. రెండోసారి ఆవిడనే తాకుతాను” అన్నాడు ధూమ్రజిహ్వుడు.

“వద్దు” అన్నాడు బయ్యన్న. “ఊఁ నువ్వే కొట్టు.”

“ఒరే బయ్యా” అంది మాచమ్మ. “బుద్ధుండే అంటున్నావా? ఊఁ కొట్టినవాడు మనవాడైపోతాడు. కథలో వాటా వస్తుంది.”

“వాటా కోసమే గదా ఆయన తిప్పలు. తీసుకోనీ.”

ధూమ్రజిహ్వుడు పొగ వదులుతూ నవ్వాడు. ఎన్ని రాజ్యాల గుట్టు తాగినవాడు, గొర్రెల కాపరుల ఆచారానికి భయపడతాడా? దంతపు ఊయెల మీద కాలు మీద కాలు వేసుకొని కూర్చున్నాడు. బయ్యన్న పటం మొదటి బొమ్మ మీద పుల్ల ఆనించాడు. గొంతు సవరించుకున్నాడు. ఆ గొంతు వినగానే గవాక్షంలోని పావురాలు కూత మానేశాయి.

“భూమి మీద ఇంకా గడ్డి మొలవని కాలంలో, ఆకాశంలో ఒక తెల్లమబ్బు తెగి నేలకి రాలింది.”

“ఊఁ” అన్నాడు మాంత్రికుడు విసుగ్గా.

“రాలిన మబ్బు ఉన్ని అయింది. ఉన్నిలోంచి ఒక ఏడుపు వినిపించింది.”

“ఊఁ.”

మూడో ఊఁతో అతని ఒంటి మీది చందనపు వాసన పోయి గొర్రెల దొడ్డి వాసన వచ్చింది. అతను గమనించలేదు. ఏడో ఊఁ దగ్గర పట్టు ఉత్తరీయం ముతకబారి ఉన్ని అయింది. పదో ఊఁ దగ్గర గొర్రెపిల్లను మోసి మోసి అలవాటైనవాడిలా ఎడమభుజం కిందికి వంగింది. గీతల్లేని అరచేతుల్లో కాయలు కాశాయి. అప్పుడు చూసుకున్నాడు. లేవబోయాడు. కాళ్ళు లేవలేదు. నోరు మూసుకోబోయాడు. బయ్యన్న మాట ఆపగానే ఆ నోరే తెరుచుకొని “ఊఁ” అంది. ఇన్నాళ్ళూ తాగినదాన్ని ఖాళీ చేసి పారేసేవాడు. కథ ఖాళీ కావడం లేదు. చెప్పినదంతా అతని లోపలికి వెళుతోంది, అయినా చెప్పినవాడి దగ్గర అంతా మిగిలే ఉంది.

మాచమ్మ దగ్గరికెళ్ళి వాసన చూసింది. “మనవాడే” అని తేల్చింది. తరవాత దొడ్లో పనివాణ్ణి కేకేసినట్టు, “ఒరే అబ్బీ, ఆ తలుపు తియ్యి. మందను బయటికి తోలాలి” అంది.

ధూమ్రజిహ్వుడి కళ్ళు నిప్పులు కురిశాయి. కాళ్ళు మాత్రం వినయంగా లేచి వెళ్ళి తలుపు తాకి, తిరిగి వచ్చి కూర్చున్నాయి.

“నేను రాజును తీసుకొస్తా” అంది మాచమ్మ, బయ్యన్న చెవిలో. “నువ్వు ఆపకు. ఒక్క గుక్క ఆలస్యమైనా లేస్తాడు. ఇంకో సంగతి, కథకి ఊఁ ఒకటే ముడి. మధ్యలో వేరేవాడు కొట్టాడా, వీడి ముడి ఊడి వాడికి పడుతుంది.”

బయ్యన్న కథ ఆపకుండానే తల ఊపాడు. ఆవిడ అరలోంచి ఒక శంఖం లాక్కొని, తలుపు బయటి భటులు తేరుకునేలోగా మెట్ల వైపు పరుగు తీసింది. గొంగడి నేల మీదే ఉండిపోయింది.

పైన మండపంలో మణిశేఖరుడు నెమలీకల విసనకర్ర గాలికి కునికిపాట్లు పడుతున్నాడు. మాచమ్మ బల్లేల కింద నుంచి దూరి వచ్చి ఆయన ఒళ్ళో శంఖం పెట్టింది.

“ఇది ఎవరిది నాయనా?”

“మా తాతగారిది. ఆయన ఊదితే శత్రువుల గుర్రాలు మోకాళ్ళ మీద పడేవట” అన్నాడు రాజు ఉలిక్కిపడి. “నీకెక్కడిది?”

“ఊదు.”

భటులు ఆమె జబ్బలు పట్టుకున్నారు. రాజు శంఖం నోటికి ఆనించి ఊదాడు. గాలి పోయింది, శబ్దం రాలేదు. మళ్ళీ ఊదాడు. ముఖం ఎర్రబడేదాకా ఊదాడు. నూట ఎనిమిది స్తంభాల మధ్య వట్టి ఊపిరి వినిపించింది.

“కింద అన్నీ అలాగే ఉన్నాయి” అంది మాచమ్మ. “మీ వెలకరి ఇప్పుడు మా గొర్రెల వాసన కొడుతున్నాడు. వచ్చి చూసుకో. కాకపోతే ఒక్క మాట. అక్కడ నువ్వు నోరెత్తకూడదు. దగ్గు కూడా రాకూడదు.”

కింద బయ్యన్న కథ బిలం బొమ్మకు దగ్గరపడుతోంది. పటంలో ఉన్నదాన్ని దాటేసి చెప్పడం అతని వంశంలో లేదు. సాగదీయడం మాత్రం ఉంది. బీరమల్లు మందలోని గొర్రెల పేర్లు మూడువందలూ వరసగా చదివాడు. నల్లబోడి, చుక్కలమ్మ, కుంటిరాజు, ఏటిగట్టు దొంగ. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క ఊఁ. మాంత్రికుడి ముక్కులోంచి పొగకు బదులు ఉన్నిపోగులు రాలుతున్నాయి. కానీ మూడువందల పేర్లు ఎంతసేపని? బిలం బొమ్మ వచ్చేసింది. తప్పదు.

“కనుమలో మూడో మలుపు కింద, ఎర్రరాతి బొడ్డు దగ్గర, చండవాతాన్ని బిలంలోకి తోలాడు బీరమల్లు.”

“ఊఁ” అన్నాడు ధూమ్రజిహ్వుడు. ఈసారి ఆ ఊఁలో విసుగు లేదు.

దాన్ని ఎలా మూశాడో, ఎలా తెరవాలో చెప్పేది ఇంకో మూడు బొమ్మల అవతల. నడుమ ఏరు పొంగిన ఘట్టం ఉంది. అక్కడ ఉండగా తలుపు దగ్గర అలికిడైంది. మాచమ్మ, వెనక మణిశేఖరుడు, ఆ వెనక దళపతి వచ్చి నిలబడ్డారు. రాజు వెలకరిని చూసి బిత్తరపోయాడు. ఏదో అనబోయాడు. మాచమ్మ కర్రతో ఆయన పాదం నొక్కింది. ఆయన నోరు మూసుకొని విన్నాడు.

“మంద అంతా అవతలి గట్టు ఎక్కింది. లెక్క చూసుకున్నాడు. ఒకటి తక్కువ. వెనక్కి చూశాడు. ఏటి నడుమ బండ మీద, కళ్ళింకా పూర్తిగా తెరవని పిల్ల. నీళ్ళు బండ అంచు తాకుతున్నాయి. ఇవతల మూడువందల గొర్రెలు, అవతల అది ఒక్కటి. కాపరి బట్ట విప్పి నడుముకు చుట్టాడు.”

బయ్యన్న గుక్క తిప్పుకున్నాడు.

“ఊఁ” అన్నారు ఇద్దరు.

ఒకటి మాంత్రికుడిది. రెండోది మహారాజుది. ఆయన అన్నట్టు ఆయనకే తెలియదు. మాచమ్మ నెత్తి మీద చేతులు పెట్టుకుంది.

దంతపు ఊయెల ఫెళ్ళున విరిగింది. ధూమ్రజిహ్వుడు ఒళ్ళు విదిలించాడు, ఉన్ని అంతా మంచులా రాలింది. దళపతి కత్తి దూసేలోగా ఆ రాగిగోళ్ళ చెయ్యి మణిశేఖరుడి తల మీది కిరీటాన్ని తాకింది. పదహారు తరాల పట్టాభిషేకాలు, యుద్ధాలు, తీర్పులు, మన్నింపులు, ఒక్క గుటకలో పోయాయి. కిరీటం నేల మీద పడి తపేలాలా మోగింది. మాంత్రికుడు నిలువునా పొగై, ఆ పొగలోంచి బూడిదరంగు గద్దై, వెలుగుధార వెంట పైకి లేచి గవాక్షంలోంచి దూసుకుపోయాడు. దక్షిణంగా, నీలికనుమ వైపు. బిలం ఎక్కడుందో విన్నాడు. ఎలా తెరవాలో వినలేదు.

మణిశేఖరుడు చుట్టూ చూశాడు.

“ఈ ఇల్లెవరిది? ఇన్ని సామాన్లు ఎందుకు పెట్టుకున్నారు?” అన్నాడు.

“మహాప్రభూ” అన్నాడు దళపతి మోకాళ్ళ మీద వాలి.

రాజు ఎవరిని పిలుస్తున్నాడా అని వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ కనపడలేదు. బయ్యన్న వైపు తిరిగాడు. ఆయన ఎడమభుజం అప్పటికే కొంచెం కిందికి వంగి ఉంది.

“మన మందకి నీళ్ళున్నాయా?” అన్నాడు.

మాచమ్మ అందుకుంది. “ఇంకో అయిదు రోజులకి ఉన్నాయి. కనుమకి అడ్డంగా మనుషులు నిలబడ్డారు.”

“ఎవరి మనుషులు?”

“ఎవరివాళ్ళో ఏమో” అంది మాచమ్మ.

మణిశేఖరుడు దళపతిని చూశాడు. “నువ్వెవరో పెద్దవాడిలా ఉన్నావు. గుర్రం ఉందా నీకు? ముందుగా పోయి వాళ్ళని తప్పుకోమను. దాహంతో ఉన్న గొర్రెలకి అడ్డం నిలబడతారా ఎవరైనా?”

దళపతికి ఒక్కటే తెలుసు. ఆ మాట ఆ నోట్లోంచి వచ్చింది. “ఆజ్ఞ” అని మెట్లెక్కి పరిగెత్తాడు. గడియ తిరక్కుండా పన్నెండు గుర్రాలు దక్షిణానికి దౌడు తీశాయి.

పైకి వచ్చేసరికి లేఖకుడు పలక పట్టుకొని ఎదురొచ్చాడు. జరిగిందేదీ వాడికి తెలియదు. “ప్రభూ, ఈ పటాన్ని ఏమని రాయమంటారు? ఉత్తమమా, అధమమా? ఏ అరలో పెట్టించమంటారు?”

మణిశేఖరుడు పటం చుట్టను బయ్యన్న చేతుల్లోంచి తీసుకొని తన భుజం మీద వేసుకున్నాడు. “అరలో పెడితే దారిలో కథ ఎలా వింటాం?” అని వాణ్ణి తప్పించుకొని నడిచాడు. పక్కకు జరిగి నిలబడ్డ జనంలోంచి ముసలి పల్లెకారు ఆయన కేసి ఆశ్చర్యంగా చూశాడు.

మధ్యాహ్నానికి ముగ్గురూ గాడిదతో సహా నగరం దాటి ఎర్రమట్టి బాట పట్టారు. రాజు పది బారలు ముందున్నాడు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు.

“బయ్యన్నా, ఆ పిల్ల బతికిందా?” అని అడిగాడు వెనక్కి తిరక్కుండానే.

“నడవండి, చెబుతాను” అన్నాడు బయ్యన్న. తల ఎత్తి చూశాడు. దూరాన, రెండో కొండ మీద, బూడిదరంగు చుక్క ఒకటి గాలికి ఎదురీదుతోంది. అది ఈ రాత్రికే కనుమ చేరుతుంది. వాళ్ళకు మూడు రోజుల నడక. బిలం తెరిచే తీరు తెలిసినవాడు లోకంలో తనొక్కడే. అది తెలుసుకోవడానికి ఆ గద్ద మళ్ళీ తన దగ్గరికే రావాలి. ఈసారి ఊఁ కొట్టడానికి రాదు.

“పెద్దమ్మా” అన్నాడు గొంతు తగ్గించి. “ఆయన రాజని ఆయనకి చెప్పొద్దా?”

మాచమ్మ ముందు నడుస్తున్న మనిషిని, అతని భుజం మీది పటాన్ని చూసింది.

“చెబుదాం, తొందరేముంది” అంది. “గొర్రెలు కనుమ దాటాక చెబుదాం. ఇప్పుడే చెబితే మళ్ళీ వెల కట్టడం మొదలుపెడతాడు.”